అప్‌డేట్: జింకల వేటకి చివరికి ఏం కొన్నానంటే

సెప్టెంబర్‌లో ఇక్కడ అడిగాను, గుర్తుందా? టెక్సస్ హిల్ కంట్రీలో వైట్‌టెయిల్ జింకల వేట, బడ్జెట్ 300 డాలర్లు, స్పాటింగ్ స్కోప్ (ఒక కంటితో చూసే పెద్ద దుర్భిణి) కొనాలా, బైనాక్యులర్సా అని. మీలో చాలామంది బైనాక్యులర్సే అన్నారు. మీ మాటే నిజమైంది. మేం కూర్చునే చోట ఓక్ చెట్లు, సీడర్ పొదలు దాటి 150 గజాలకి మించి ఏమీ కనపడదు. అక్కడ స్కోప్, దానికో ట్రైపాడ్ మోసుకెళ్లడం దండగ.

అయితే 10×42 (పది రెట్లు పెద్దగా చూపే, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లున్న బైనాక్యులర్స్) వద్దన్న ఒకాయన మాట వినకుండా మొదట అదే తెచ్చాను. నాకు కళ్లద్దాలు. ఐ రిలీఫ్ (బొమ్మంతా కనపడుతూనే కన్ను బైనాక్యులర్స్‌కి ఎంత దూరంలో ఉండొచ్చో ఆ కొలత) 15 మిల్లీమీటర్లే కావడంతో బొమ్మ చుట్టూ నల్లటి అంచు. పైగా చెయ్యి వణికితే బొమ్మా వణికేది. వాపస్ ఇచ్చేసి నికాన్ మోనార్క్ ఎం5 8×42 తీసుకున్నాను. ఇందులో ఐ రిలీఫ్ 19.5. అద్దాలు తియ్యక్కర్లేదు, హాయి.

అసలు పరీక్ష నవంబర్ మొదటి శనివారం, సీజన్ మొదలైన రోజు. ఇక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చొచ్చు. ఆ మసక వెలుతురులో ఉత్త కంటికి పొదలా ఉన్నది, బైనాక్యులర్స్‌లో చెవి విదిలించింది! ఆడ జింక. వెనకాల ఇంకోటి, కొమ్ములు కూడా తెలిశాయి. 42ని 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 5.25 మిల్లీమీటర్లు, 10తో అయితే 4.2. వలయం పెద్దదైతే మసకలో బొమ్మ వెలుగ్గా కనపడుతుంది. తేడా అప్పుడు అర్థమైంది.

జింక మాత్రం దొరకలేదు. అది బైనాక్యులర్స్ తప్పు కాదులెండి, నేనే దగ్గాను.