న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కు: స్థానిక పోలీసులకూ ఐసీఈకీ మధ్య సహకారం ఎంతవరకు?

కృష్ణాతీరం (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. చాలాకాలంగా న్యూజెర్సీలో హెచ్1బీ మీద పనిచేస్తున్న నేను, సంస్థ బదిలీ చేయడంతో కుటుంబంతో సహా డల్లాస్ ప్రాంతానికి మారుతున్నాను. టెక్సస్‌లో ట్రాఫిక్ పోలీసులు కూడా వీసా వివరాలు అడగవచ్చుననీ, అక్కడి షెరీఫ్‌లు (కౌంటీ పోలీసు అధిపతులు) ఫెడరల్ వలస చట్టాన్ని అమలు చేసే సంస్థ ఐసీఈతో 287(జి) అనే సహకార ఒప్పందాలు చేసుకుంటున్నారనీ తెలిసినవారు హెచ్చరిస్తున్నారు. వలస చట్టం దేశమంతటికీ ఒక్కటే అయినప్పుడు పోలీసుల తీరు రాష్ట్రాన్ని బట్టి ఎందుకు మారుతుంది? పత్రాలన్నీ సక్రమంగా ఉన్నవారు కూడా జాగ్రత్త పడవలసినది ఏమైనా ఉందా?

తూర్పుగాలి

వలస చట్టాన్ని చేసేదీ, అమలు చేసేదీ ఫెడరల్ ప్రభుత్వమే. అయితే తన పని చేసిపెట్టమని రాష్ట్రాల అధికారులను ఆజ్ఞాపించే అధికారం దానికి లేదు. 1997 నాటి ప్రింట్జ్ తీర్పులో సుప్రీం కోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. తుపాకులు కొనేవారి పూర్వాపరాలను స్థానిక అధికారుల చేత తనిఖీ చేయించడం గురించిన ఆ కేసుకు వలసలతో ఏ సంబంధమూ లేకపోయినా, నేడు ఐసీఈకి సహకారాన్ని పరిమితం చేసే న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలు నిలబడుతున్నది ఆ సూత్రం మీదనే. ఆజ్ఞాపించలేని చోట ఒప్పందం చేసుకోవచ్చు కనుక, 1996లో కాంగ్రెస్ వలస చట్టంలో 287(జి) అనే నిబంధనను చేర్చి, శిక్షణ పొందిన స్థానిక అధికారులు ఐసీఈ పర్యవేక్షణలో కొన్ని వలస విధులు నిర్వహించేందుకు వీలు కల్పించింది.

చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. ఫెడరల్ ప్రభుత్వం నుంచి రాష్ట్రానికి ఉన్న ఈ రక్షణ, రాష్ట్రం నుంచి దాని నగరాలకు, కౌంటీలకు లేదు. టెక్సస్ 2017లో చేసిన ఎస్‌బీ 4 చట్టం ప్రకారం, చట్టబద్ధంగా నిలిపిన లేదా అరెస్టు చేసిన వ్యక్తిని వలస స్థితి గురించి అడగకుండా ఏ నగరమూ తన పోలీసులను కట్టడి చేయరాదు. కొన్ని నగరాలు కోర్టుకు వెళ్లినా, 2018లో టెక్సస్ మీద అధికారం గల ఫెడరల్ ఐదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ చట్టంలో చాలా భాగాన్ని నిలబెట్టింది. న్యూజెర్సీలో పరిస్థితి ఇందుకు వ్యతిరేకం: 2018 నాటి రాష్ట్ర అటార్నీ జనరల్ ఆదేశం అటువంటి ప్రశ్నలను గట్టిగా పరిమితం చేసింది.

వేపచెట్టు

పైవారి వివరణ సరైనదే గాని, న్యూజెర్సీలో ఉన్నంతకాలం ఐసీఈకి సమాచారం అందదని ఎవరూ అనుకోవద్దు. ఏ రాష్ట్రంలోనైనా జైలులో తీసుకున్న వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి ఐసీఈ భాగంగా ఉన్న హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు చేరతాయి. ఈ మార్పిడి కోసం 2008లో మొదలైన సెక్యూర్ కమ్యూనిటీస్ కార్యక్రమం 2013 నాటికి దేశమంతటా విస్తరించింది. ఆ పేరు 2014లో పోయి 2017లో తిరిగి వచ్చినా, వేలిముద్రల మార్పిడి మాత్రం ఆగలేదు. కాబట్టి రాష్ట్రం నిజంగా నిర్ణయించేది ఆ తరువాతి ఘట్టాన్ని, అంటే జైలు గేటు దగ్గర ఏం జరగాలన్నదాన్ని. విడుదల చేయవలసిన వ్యక్తిని మరో 48 గంటల వరకు ఉంచమని ఐసీఈ పంపే డిటైనర్‌ను పాటించడం టెక్సస్‌లో కౌంటీల విధి. అనేక ఇతర రాష్ట్రాలు దానిని అభ్యర్థనగానే చూస్తాయి, ఎందుకంటే దాని వెనుక ఉండే వారెంటుపై సంతకం చేసేది ఐసీఈ అధికారే తప్ప న్యాయమూర్తి కాదు. కేవలం డిటైనర్ ఆధారంగా ఒక మహిళను నిర్బంధించడం రాజ్యాంగ విరుద్ధమని 2014లో ఆరెగాన్‌లోని ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చిన తరువాత, ఎన్నో కౌంటీలు తమ పద్ధతిని మార్చుకున్నాయి.

మీ విషయానికి వస్తే, చెల్లుబాటయ్యే హోదా ఉన్న వ్యక్తికి ట్రాఫిక్ టికెట్ వల్ల డిటైనర్ రావడానికి సాధారణంగా ఆధారం ఉండదు. మనవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తాగి వాహనం నడిపిన కేసులో అరెస్టు కావడం. శిక్ష పడకపోయినా, ఆ అరెస్టు కారణంగానే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసాను రద్దు చేయవచ్చు; దానికి న్యూజెర్సీలోని ఎడిసన్ అయినా డల్లాస్ అయినా ఒకటే.

ఉత్తరాయణం

ఇక్కడి చర్చ సహకారాన్ని కేవలం ప్రమాదంగా చూపుతున్నదని నా అభ్యంతరం. నేరం మీద అరెస్టయిన వ్యక్తిని జైలులోనే అప్పగిస్తే ఆయుధాలు ఉండవు, జనం ఉండరు. అప్పగించకపోతే ఐసీఈ అధికారులు అతని కోసం ఇళ్ల మధ్యకు వస్తారు, అప్పుడు ఏ నేరమూ చేయని పక్కవారు కూడా పట్టుబడతారు. వరుసలో నిలబడి, రుసుములన్నీ కట్టి, ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న మనం చట్టం అమలు కావాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు.

తూర్పుగాలి

జైలు వరకే అయితే మీ వాదనలో బలం ఉంది, ఉత్తరాయణం గారూ. కాని 287(జి)లో జైలు లోపలికే పరిమితమైన నమూనాతో పాటు టాస్క్‌ఫోర్స్ అనే మరో నమూనా ఉంది. అందులో స్థానిక పోలీసు వీధిలోనే వలస అధికారి పాత్ర వహిస్తాడు. అరిజోనాలోని మారికోపా కౌంటీలో షెరీఫ్ జో అర్పాయో హయాంలో అది ఎటు దారితీసిందో రికార్డులో ఉంది: ఆయన కార్యాలయం లాటినోలను (లాటిన్ అమెరికా మూలాలవారిని) జాతి ప్రాతిపదికన ఆపుతున్నదని 2013లో ఫెడరల్ కోర్టు తేల్చింది, ఆ తరువాతి కోర్టు పర్యవేక్షణ ఖర్చు కౌంటీ పన్ను చెల్లింపుదారుల మీద పడింది. ఒబామా ప్రభుత్వం 2012లో ఆపిన ఆ నమూనా 2025లో తిరిగి వచ్చింది. రోడ్డు మీద రంగు చూసి ఆపేవారికి మనం ఏ వరుసలో నిలబడ్డామో తెలియదు కదా.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఇల్లు డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో చూస్తున్నాము. అక్కడ ఏ ఒప్పందం వర్తిస్తుందో తెలుసుకోవడం ఎలా?

వేపచెట్టు

ఫ్రిస్కో నగరం కొలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ విస్తరించి ఉంది కనుక ముందుగా ఇంటి చిరునామా ఏ కౌంటీలోకి వస్తుందో చూడండి. 2026 జనవరి 1న అమలులోకి వచ్చిన టెక్సస్ చట్టం, జైలు నడిపే షెరీఫ్‌లు 287(జి) ఒప్పందం చేసుకోవాలని నిర్దేశించింది. నగర పోలీసులకు ఆ నిర్బంధం లేదు. ఏ సంస్థ ఏ నమూనాలో చేరిందో ఐసీఈ తన వెబ్‌సైటులో రాష్ట్రాల వారీగా ప్రచురిస్తుంది. జైలు నమూనాకూ టాస్క్‌ఫోర్స్‌కూ తేడా పెద్దది కాబట్టి ఆ జాబితాలో నమూనా పేరు ఉన్న గడిని తప్పక చదవండి. 18 ఏళ్లు నిండిన విదేశీయులు నమోదు పత్రాన్ని వెంట ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. మీకు, మీ శ్రీమతి గారికి తాజా ఐ-94 (దేశంలోకి ప్రవేశాన్ని, ఉండే గడువును చూపే పత్రం) ముద్రిత ప్రతి చాలు. హెచ్1బీ పొడిగింపు వచ్చినప్పుడల్లా దానిని మార్చడం మరచిపోకండి.