పెదజాలారిపేట కుర్రాడు: ముందు గట్టింగా, ముందు షాపా?

లాసన్స్‌బే వాసి అడిగారు:

నమస్తే అందరికీ. మా చిన్నాన్న కొడుకు కోసం అడుగుతున్నాను. వాడిది విశాఖలో మత్స్యకారులుండే పెదజాలారిపేట, ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఎంవీపీ కాలనీ వైపు ఒక షటిల్ కోర్టులో పని చేస్తున్నాడు. నెట్ కట్టడం, కోర్టు తుడవడం, నలుగురిలో ఒకరు తక్కువైతే ఆటలో దిగడం. అక్కడ ఆడేవాళ్లందరికీ వాడు బాగా తెలుసు. చేతిలో 45 వేలు ఉన్నాయి. తాకట్టు పెట్టడానికి ఇల్లూ లేదు, బంగారమూ లేదు.

గట్టింగ్ (షటిల్ రాకెట్‌కి గట్, అంటే దారం, బిగించే పని) నేర్చుకుని, మెల్లగా స్పోర్ట్స్ షాపు దాకా వెళ్లాలని వాడి ఆశ. ఇంట్లోవాళ్లేమో "ఆ డబ్బుతో బ్యాట్లూ బంతులూ కొని ముందు షాపే తెరవరా" అంటున్నారు. ఏది ముందు? ఏ మెషిన్ కొనాలి? అప్పు ఎక్కడ పుడుతుంది? పని తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గట్టింగ్ బల్ల జవాబు:

గట్టింగే ముందు, అనుమానం అక్కర్లేదు. 45 వేలకి సరుకు కొంటే నాలుగు అరలు కూడా నిండవు. అందులో వచ్చినవాడు అడిగిన సైజు బూట్లుండవు, అడిగిన మోడల్ రాకెట్ ఉండదు. ఉన్నా, ఫోన్‌లో అంతకంటే తక్కువ రేటు చూపిస్తాడు. తెగిన గట్‌ని మాత్రం ఫోన్‌లో ఎవరూ వేసివ్వరు. రాత్రి తెగితే తెల్లారి ఆటకి కావాలి, ఆ పని పక్కనున్నవాడే చెయ్యాలి.

గట్ బిగించే మెషిన్లు మూడు రకాలు. డ్రాప్‌వెయిట్‌లో కడ్డీకున్న బరువు కిందికి వాలుతూ గట్‌ని లాగుతుంది. కరెంటు అక్కర్లేదు, చవక, కాకపోతే నిదానం. క్రాంక్ రకంలో చేత్తో తిప్పితే అనుకున్న టెన్షన్ (గట్ బిగువు, పౌండ్లలో చెప్తారు) దగ్గర టక్కున లాక్ పడుతుంది. పని వేగంగా అవుతుంది కానీ లాక్ పడ్డాక గట్ సాగితే ఆ మేరకు టెన్షన్ దిగిపోతుంది. ఎలక్ట్రానిక్‌ది గట్ సాగినకొద్దీ మళ్లీ లాగి పట్టి ఉంచుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మీవాడికి ఇప్పటికి డ్రాప్‌వెయిట్ చాలు. మెషిన్ రాకెట్ ఫ్రేమ్‌ని ఆరు చోట్ల పట్టుకోవాలి, లాగిన గట్‌ని పట్టి ఉంచే క్లాంపులు బల్లకే బిగించి ఉండాలి. ఈ రెండూ చూసి కొనమనండి. రెండు చోట్ల మాత్రమే పట్టుకునే చవక మెషిన్ మీద 26 పౌండ్లు లాగితే వచ్చినవాళ్ల ఫ్రేములు వంకర పోతాయి.

మెషిన్ మీద రాసిన అంకెని నమ్మొద్దు. లగేజీ తూచే డిజిటల్ కాటా ఒక కొసని బల్లకి, ఇంకో కొసని గట్ ముక్కతో టెన్షనర్‌కి తగిలించి లాగితే నిజం తెలుస్తుంది. 24 పౌండ్లు పెట్టినప్పుడు కాటా 10.9 కిలోలు చూపించాలి. నెలకోసారి ఇది తప్పనిసరి.

ఇక పని. రాకెట్‌కి 22 నిలువు గట్లు, వాటి మధ్య నుంచి అడ్డంగా అల్లే క్రాసులు, మొత్తం 10 మీటర్ల గట్. నిలువువి మధ్యలో మొదలుపెట్టి అటు కొన్ని ఇటు కొన్ని లాగాలి, ఒక వైపు రెండు మూడు కంటే ఎక్కువ ముందుకు పోకూడదు. క్రాసులు నిలువుల కంటే రెండు పౌండ్లు ఎక్కువ పెట్టాలి. అల్లికలో రాపిడికి కొంత టెన్షన్ పోతుంది కాబట్టి ఒకటి, నిలువులు లాగినప్పుడు పొట్టిగా, వెడల్పుగా అయిన ఫ్రేమ్‌ని వెనక్కి తెచ్చేది క్రాసులే కాబట్టి ఇంకొకటి. అందుకే నిలువులు వేసేసి "క్రాసులు రేపు వేద్దాంలే" అని రాకెట్‌ని వదిలెయ్యకూడదు. రాత్రంతా ఆ లాగుడు ఒకవైపే ఉంటే పొద్దునకి ఫ్రేమ్ చీలి ఉండొచ్చు.

ఫ్రేమ్ మీద రాసిన గరిష్ఠ టెన్షన్ దాటమని ఎవరు బతిమాలినా దాటకూడదు. పాత గ్రోమెట్లు (ఫ్రేమ్ రంధ్రాల్లో ఉండే ప్లాస్టిక్ గొట్టాలు) చూడకుండా కొత్త గట్ వెయ్యకూడదు. చీలిన గ్రోమెట్ అంచు గట్‌ని కోసేస్తుంది.

నేర్చుకునేవాడికి అన్నిటికంటే పెద్ద గురువు తెగిన రాకెట్టే. నడిమధ్యలో తెగితే అరుగుదల, మామూలే. పైన ఫ్రేమ్‌కి దగ్గరగా తెగితే ఆడినవాడి దెబ్బ తప్పింది. గ్రోమెట్ లోపల తెగితే గ్రోమెట్ పాడైంది, లేదా రెండు గట్లు పోయే రంధ్రంలో దారి చేసే సూదిమొన పొడిచి మొదటి గట్ గీసుకుపోయింది, అందుకే సూది మొన మొద్దుగా నున్నగా ఉండాలి. ముడి దగ్గర తెగితే తప్పు పూర్తిగా మనదే, కూలి తీసుకోకుండా మళ్లీ వేసివ్వాలి. ప్రతి రాకెట్‌కీ తేదీ, గట్ రకం, టెన్షన్ రాసిన చిన్న స్టిక్కర్ కోన్ (పిడి పైభాగం) మీద అంటించి, అదే పుస్తకంలో ఎక్కించమనండి. "పోయినసారి వేసినట్టే వెయ్యి" అని వచ్చేవాడికి జవాబు ఆ పుస్తకంలోనే ఉంటుంది.

డాబాగార్డెన్స్ లెక్కలు జవాబు:

పైన చెప్పిన పనితనానికి డబ్బు వైపు నుంచి కొంత కలుపుతాను.

గట్ విడి ప్యాకెట్లలో కాకుండా 200 మీటర్ల రీలు కొనాలి, రీలుకి 20 రాకెట్లు. మొదట రెండు రకాలే పెట్టుకోమనండి: మన్నికకి 0.70 మిల్లీమీటర్లది ఒకటి, దెబ్బ పదునుగా కావాలనేవాళ్లకి 0.66 చుట్టుపక్కలది ఒకటి. పది రకాలు తెస్తే డబ్బంతా రీళ్లలో ఇరుక్కుపోతుంది. రాకెట్‌కి కూలి 150, గట్ మీద 100 మిగులుతుంది అనుకుందాం. రోజుకి నాలుగు, నెలకి 25 రోజులు అంటే 25 వేలు. నాలుగు రావడానికి టైం పడుతుంది, అందుకే కోర్టు ఉద్యోగం అప్పుడే మానొద్దు. ఆ కోర్టు యజమానికి రాకెట్‌కి ఇంత అని ఇచ్చి ఓ మూల బల్ల వేసుకుంటే అద్దె ఉండదు, గిరాకీ ఎదురుగానే ఉంటుంది.

అప్పు సంగతి. ముద్ర అనే కేంద్ర ప్రభుత్వ అప్పు పథకంలో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, రెంటికీ తాకట్టు అడగకూడదు. ఆధార్, పాన్, ఖాతా స్టేట్‌మెంట్, మెషిన్ కొటేషన్ పట్టుకెళ్లాలి. ఇలాంటి కుర్రాళ్ల దరఖాస్తు ఎక్కువగా ఆగిపోయేది ఖాతాలో లావాదేవీలు లేకపోవడం వల్ల. రోజూ నాలుగు డబ్బులు వస్తున్నా అన్నీ జేబులోనే తిరుగుతుంటే బ్యాంకుకి ఏం కనపడుతుంది? మొదటి రాకెట్ నుంచే యూపీఐ ఒకే ఖాతాకి రానివ్వండి, ఆరు నెలలయ్యాక అడగండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి డబ్బులడిగే ఏజెంట్ల జోలికి పోవద్దు. షాపు తెరిచిన రోజు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు కావాలి. జీఎస్టీ మన రాష్ట్రంలో సరుకులు మాత్రమే అమ్మితే ఏడాదికి 40 లక్షలు దాటాక తప్పనిసరి, సేవలు కూడా ఉంటే 20 లక్షలు.

ఇంకోటి, అరువు. కోర్టులో ఆడేవాళ్లందరికీ వాడు బాగా తెలుసన్నారు, అరువు అడిగేదీ వాళ్లే. కూలి అరువు పెడితే పోయేది శ్రమ, గట్ కూడా అరువిస్తే పెట్టుబడే పోతుంది. డబ్బు కట్టాకే రాకెట్ చేతికివ్వడం మొదటి రోజు నుంచే అలవాటు చెయ్యాలి. మధ్యలో మొదలుపెడితే మొహాలు మాడుస్తారు.

లాసన్స్‌బే వాసి:

ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. ఇంట్లోవాళ్లకి ఇది చదివి వినిపిస్తాను. గట్టింగ్ నిలబడ్డాక సరుకు ఏ వరసలో పెంచాలి? స్కూళ్ల ఆర్డర్లు పట్టుకుంటే లాభమేనా?

పోర్ట్ స్టేడియం వైపు జవాబు:

వరస ఇదీ: గ్రిప్పులు, షటిళ్లు, ఆ తర్వాతే రాకెట్లు. బూట్లు అన్నిటికంటే ఆఖర్న, సైజులే డబ్బు మింగేస్తాయి. గ్రిప్ అయితే గట్టింగ్‌కి వచ్చినవాడే కొంటాడు, మన ఉక్కపోతకి చెమటపట్టి ఊరికే పోతుంది కూడా.

షటిళ్లలో వేగం చూసి కొనాలి. వేడిగాలి పల్చగా ఉంటుంది, షటిల్ దూరం పోతుంది, కాబట్టి మన ఊరికి నిదానం రకం కావాలి. ప్లాస్టిక్ షటిళ్లలో యోనెక్స్ కంపెనీ మేవిస్ 350 అయితే ఆకుపచ్చ పట్టీది అడగాలి. నీలం పట్టీది చల్లటి ఊళ్లకి, తక్కువ రేటుకి వస్తోందని తెస్తే మే నెలలో ప్రతి షాటూ అవుటే. ఈకలవి 76, 77 వేగం నంబర్లవి తెచ్చి కోర్టులోనే పరీక్షించాలి. వెనక గీత మీంచి కింద నుంచి బలంగా కొడితే అవతలి వెనక గీతకి 530 నుంచి 990 మిల్లీమీటర్ల ముందు పడాలి. అంతకంటే దూరం పోతే ఒక నంబరు తగ్గించాలి. నిల్వ రేకుల షెడ్డు వేడిలో పెడితే ఈకలు ఎండి పెళుసవుతాయి, రెండు స్మాష్‌లకే విరుగుతాయి.

స్కూళ్ల ఆర్డర్లలో లాభం ఉంది, ప్రాణం తీసేది వసూలు. సరుకు జూన్‌లో ఇస్తే డబ్బు దసరా దాటాక రావచ్చు. సగం అడ్వాన్సు లేకుండా దిగొద్దు. ఉద్యమ్ ఉంది కదా, చిన్న వ్యాపారాలకి బకాయి 45 రోజుల్లో కట్టాలనే చట్టం కాపాడుతుంది అనుకోకండి. సరుకు కొని అమ్మే వ్యాపారికి ఆ నమోదు బ్యాంకు అప్పు వరకే పనికొస్తుంది, బకాయిల రక్షణ వర్తించదు. ఆర్డర్లు నిలకడగా వస్తే అప్పుడు ఆట సామాన్లు తయారయ్యే మీరట్, జలంధర్ నుంచి నేరుగా తెప్పించుకోవచ్చు, లారీ ఖర్చు కలిపి లెక్కేశాకే.

మీవాడు జాలారిపేట కుర్రాడు కాబట్టి ఇది కూడా చెప్పండి. యోనెక్స్ 1946లో జపాన్‌లో మొదలైంది రాకెట్లతో కాదు, చేపల వలలకి కట్టే చెక్క బెండ్లతో. ప్లాస్టిక్ బెండ్లు వచ్చి ఆ గిరాకీ పోయాక 1957లో రాకెట్లవైపు తిరిగింది. అవీ మొదట్లో వేరే కంపెనీల పేర్లతో చేసిచ్చినవే.

గట్టింగ్ బల్ల జవాబు:

ఒకటి మర్చిపోయాను, పెదజాలారిపేట అంటే సముద్రం పక్కనే కదా. మెషిన్ ఇంట్లో పెడితే ఉప్పుగాలికి క్లాంపులు, పట్టాలు తుప్పు పడతాయి. క్లాంపు పళ్లని వారానికోసారి స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడవాలి, అక్కడ నూనె చుక్క పడినా గట్ జారిపోతుంది. నూనె పట్టాలకి మాత్రమే, అదీ పల్చగా. పని అయ్యాక గుడ్డ కాదు, ప్లాస్టిక్ కవరు కప్పాలి. ఇంకా, గట్ తెగిన వెంటనే మిగతా గట్లని మధ్యలోంచి బయటికి కత్తిరించెయ్యమని వచ్చేవాళ్లందరికీ చెప్పమనండి. సగం తెగిన గట్‌తో రెండు రోజులు బ్యాగులో ఉంటే, వాడు ఎంత బాగా వేసినా ఆ ఫ్రేమ్ నిలవదు, నింద వాడి మీదకే వస్తుంది.