డేటింగ్ ప్రొఫైల్‌లో తెలుగు లిపి వాడినవాళ్లు ఉన్నారా?

పాతపెన్ను:
హైదరాబాదు, వయసు 26. మూడు నెలలుగా హింజ్ అనే డేటింగ్ యాప్‌లో ఉన్నాను. ఏ ప్రొఫైల్ చూసినా ఒకరే కూర్చుని అందరికీ రాసిపెట్టినట్టుంది. ప్రయాణాలంటే ప్రాణం, కుక్కపిల్లలంటే ప్రాణం, బిర్యానీ అంటే ప్రాణం, అంతా ఇంగ్లీషులో. నాదీ అదే బాపతు. విసుగొచ్చి పోయిన వారం, ప్రొఫైల్‌లో యాప్ అడిగే ప్రశ్నల్లో ఒకదానికి జవాబు తెలుగులో పెట్టాను: "ఆదివారం మధ్యాహ్నం గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, ఆపైన నిద్ర." ఇదివరకు వారానికి నలుగురైదుగురు పలకరించేవారు. ఈసారి ఒక్కరే. కానీ ఆమె మూడు పేరాలు రాసింది! మీ అనుభవాలు చెప్పండి.

చింతచిగురు:
ముందు ఆమెకు జవాబివ్వండి, చర్చ తర్వాత. నేను తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాను. తెలుగు లిపిలో పెడితే "వధువు కావలెను" ప్రకటనలా ఉందని మా స్నేహితురాలు నవ్వింది.

అర్ధానుస్వారం:
హింజ్‌లో ఒక్కో జవాబుకు 150 అక్షరాలే హద్దు. తెలుగులో రాస్తే నాకు వాక్యం మధ్యలోనే చోటు అయిపోయింది. కంప్యూటర్ అక్షరాలకు వాడే యూనికోడ్‌లో ఒత్తులూ గుణింతాలూ విడివిడి సంకేతాలు మరి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు.

వానకోయిల:
చిక్కు లిపిలో లేదండీ, మొదటి సందేశంలో ఉంది. ఇంగ్లీషులో "యూ" ఒక్కటే, గొడవ లేదు. తెలుగులో నోరు తెరవగానే నువ్వా, మీరా తేల్చుకోవాలి. "మీరు" అంటే అప్పు ఇస్తామని బ్యాంకు నుంచి ఫోన్ చేసినట్టుంటుంది. "నువ్వు" అంటే ముక్కూమొహం తెలియనివాడితో అంత చనువెందుకు అనిపిస్తుంది. అందుకని రెండూ తగలకుండా రాయడం నేర్చుకున్నాను: "ఆ ఫొటో అరకులోదా?" "భోజనం అయిందా?" "ఆఫీసు ఎక్కడ?" పదకొండు రోజులు ఇలాగే నెట్టుకొచ్చాను. పన్నెండో రోజు అతనే "నువ్వు తిన్నావా" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఇంకొకతనితో వ్యవహారం వేరు. నేను "మీరు" అంటుంటే అతను మొదటి రోజు నుంచీ "నువ్వు" అనేశాడు. మా అమ్మ నాన్నను "మీరు" అంటుంది, నాన్న అమ్మను "నువ్వు" అంటారు. ఆ పద్ధతి ఇక్కడికి కూడా వచ్చేసిందని అర్థమై మాటలు ఆపేశాను.

చింతచిగురు:
ఐల్ అనే డేటింగ్ యాప్ వాళ్లు తెలుగువాళ్ల కోసం తెచ్చిన యాప్ పేరు చూశారా? "నీతో". "మీతో" అని పెడితే బీమా కంపెనీ అనుకుంటారు!

డాలస్‌బాబు:
ఇక్కడ అమెరికాలో ఇంకో రకం. ఇక్కడే పుట్టిపెరిగిన పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. తెలుగులో ఒక వాక్యం పెడితే ఒకమ్మాయి దాన్ని వాళ్ల అమ్మమ్మతో చదివించుకుంది. అమ్మమ్మగారి మొదటి ప్రశ్న: ఏ ఊరు బాబూ మీది?

వానకోయిల:
అమ్మమ్మగారికి నచ్చారా లేదా, అది చెప్పండి.

డాలస్‌బాబు:
అమ్మమ్మగారికి నచ్చాను. మనవరాలే రెండు వారాలుగా మాట్లాడలేదు.

పాతపెన్ను:
ఆమెకు జవాబు రాశాను, "మీరు" అంటూనే. "మీరు మీరు అనకండి, పెద్దదాన్ని అయిపోయినట్టుంది" అంది. "అనకు" అనలేదు, గమనించారా? ఇప్పుడు ముందు మారాల్సింది నేనా, ఆమెనా?