సెయింట్ థామస్ మౌంట్ దగ్గర పాత ఇల్లు: మిద్దె కొట్టేయాలా, బాగు చేయించాలా?

ఆలందూరు అమ్మాయి:
మా ముత్తాతగారు కట్టించిన ఇల్లు ఇది. 1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడి మద్రాసు జనం ఊళ్లకు వెళ్లిపోతున్నప్పుడు మావాళ్లూ నెల్లూరు చేరారు, తిరిగొచ్చేదాకా ఇంట్లో మిలిటరీవాళ్లున్నారని నాయనమ్మ చెప్పేది. వంటింటి తలుపు లోపలివైపు తెల్లరంగుతో వేసిన అంకె ఇప్పటికీ ఉంది, ఎప్పుడు రంగులు వేయించినా దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు. చైనా యుద్ధం తర్వాత 1963లో ఇక్కడే ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్ పెట్టారు, అదే ఇప్పటి ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ). ఇప్పుడు మా మద్రాస్ టెర్రస్ మిద్దె కారుతోంది. కాంట్రాక్టరేమో కొట్టేసి స్లాబ్ వేద్దామంటాడు, బాబాయిలు అమ్మేద్దామంటారు. నాకు నిలబెట్టుకోవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సున్నం పని:
దయచేసి తొందరపడి కొట్టించకండి. టేకు వాసాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, పైన సున్నం, ఇటుకముక్కలు కలిపి దిమ్మిస చేసిన మిద్దె అది, సరిగ్గా చూసుకుంటే ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. ముందు వాసం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, తడీ చెదా మొదట పట్టేది అక్కడే. మెత్తగా దిగిపోతే ఆ వాసం మార్చాలి. గట్టిగా ఉంటే మిద్దె పైన పరిచిన మట్టి పలకలు లేపి, సున్నం పొర మళ్లీ వేసి, నీళ్లు నిలవకుండా వాలు సరిచేస్తే చాలు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో సున్నం కలిపే మేస్త్రీని వెతకండి. పైన సిమెంటు మాత్రం పూయనివ్వకండి, లోపలి తడి ఆరే దారిలేక వాసాలు పుచ్చిపోతాయి. పని ఎండాకాలంలో పెట్టుకోండి, అక్టోబరు వానలొచ్చేలోపు సున్నం బాగా గట్టిపడాలి.

పల్లావరం బాబాయ్:
మిద్దె సరే, ముందు స్థలం ఎవరిదో చూసుకో తల్లీ. మీ ఇల్లు కంటోన్మెంట్ (మిలిటరీ ప్రాంతం) హద్దులో ఉంటే, అక్కడి భూముల వివరాలుండే జనరల్ ల్యాండ్ రిజిస్టర్‌లో ఏం రాసుందో డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసులో అడగాలి. ఓల్డ్ గ్రాంట్ అని ఉంటే కట్టడం మీది, నేల ప్రభుత్వానిది, అప్పుడు అమ్మాలన్నా కొత్తగా కట్టాలన్నా అనుమతి కావాల్సిందే. మీ బాబాయిలకు ఇది ముందే చెప్పు, అమ్మకం మాట దానంతటదే ఆగుతుంది. హద్దు బయట ఉంటే పట్టా, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూసుకో. ఈసీ ఆన్‌లైన్‌లో ఎప్పటినుంచి దొరుకుతుందో చూడు, అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తీయించాలి. యుద్ధకాలంలో ఇళ్లను డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద తీసుకుని పరిహారం ఇచ్చేవాళ్లు. నాయనమ్మ చెప్పిందానికి కాగితం కావాలంటే ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లు, ఇంటి పాత నంబరు, సర్వే నంబరు తీసుకుని మరీ వెళ్లు.

ఆలందూరు అమ్మాయి:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఓల్డ్ గ్రాంట్ అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, సోమవారం ముందు ఆ ఆఫీసుకే వెళ్తాను. కాంట్రాక్టర్‌ని ఆగమన్నాను. చెన్నైలో సున్నం పని తెలిసిన మేస్త్రీ ఎవరైనా తెలిస్తే నాకు విడిగా మెసేజ్ పెట్టండి.