రోటా విరేచనాలప్పుడు పాలు ఆపాలా?

నరసరావుపేట అమ్మ
బాబుకి తొమ్మిదో నెల. మూడు రోజులు నీళ్ల విరేచనాలు, వాంతులు. మలం పరీక్షలో రోటా వైరస్ అని తేలింది. నిన్న డిశ్చార్జి చేశారు. ఇప్పటికీ రోజుకి ఐదారుసార్లు పల్చగా, పుల్లటి వాసనతో అవుతున్నాయి. పిర్రలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. డాక్టరు గారు పాలు మాన్పించొద్దన్నారు. మా అత్తయ్య గారేమో "లోపల పేగంతా పుండై ఉంది, నాలుగు రోజులు పాలు ఆపి గంజి పొయ్యి" అంటున్నారు. ఎవరి మాట వినాలి? రోటా టీకా చుక్కలు మూడు డోసులూ వేయించాం మరి.

శంకరం మాస్టారు
మీ అత్తగారిదే సరైన మాటమ్మా. చెయ్యి కాలితే దాని మీద కారం చల్లుకుంటామా? పేగుకి నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. గంజి, పల్చటి మజ్జిగ, అంతే. పాలు మాత్రం వద్దు.

చిన్న బ్యాటరీ
మూడు డోసులు వేసినా వచ్చిందా! ఇక ఆ చుక్కలెందుకు దండగ?

మంగ
పళ్లొస్తున్నాయేమో చూడండి. మా వాడికి అలాగే అయింది.

పేగుల పిచ్చి
మంగ గారూ, పరీక్షలో రోటా అని తేలాక పళ్లనంటే ఎలా?
మాస్టారూ, అది పుండు కాదు. నేను చేసే పరిశోధన పేగు పొర మీదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చిన్నపేగు లోపల వేళ్లలా ఆంత్ర చూషకాలుంటాయని బళ్లో చదువుకున్నాం కదా. రోటా ముఖ్యంగా పట్టేది ఆ వేళ్ల కొనల మీది ముదిరిన కణాలను. అవి రాలిపోయి వేళ్లు పొట్టివవుతాయి, అదీ పేగంతా కాదు, అక్కడక్కడా మచ్చల్లా. వేళ్ల మొదళ్లలో గుంతలుంటాయి, కొత్త కణాలు పుట్టేది అక్కడే. వైరస్ వాటి జోలికి పెద్దగా వెళ్లదు. అక్కడ పుట్టినవి మూడు నుంచి ఐదు రోజుల్లో పైకి జరిగి కొన చేరతాయి. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం ఈ వైరస్‌ని మొదట చూసింది కూడా పిల్లల పేగు ముక్కల్లోనే.
పాలలోని చక్కెరని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ తయారయ్యేది ఆ కొన కణాల్లో. అందుకే కొన్నాళ్లు అది తగ్గుతుంది. అరగని చక్కెర పులిసి, వెంట నీళ్లు లాగుతుంది. పుల్లటి వాసన, పిర్రలు ఎర్రబడటం అందుకే. అయినా తల్లిపాలు ఆపొద్దనే చెబుతారు.

శంకరం మాస్టారు
"లాక్టేజ్ తగ్గుతుంది" అని నువ్వే రాశావు. పాలలో ఉన్న చక్కెర లాక్టోజే. దాన్ని అరిగించేది లేనప్పుడు పొయ్యడమెందుకు? నీ నోటితోనే ఒప్పుకున్నావు.

పేగుల పిచ్చి
తగ్గుతుందన్నాను, పూర్తిగా పోతుందనలేదు.

శంకరం మాస్టారు
తగ్గడమంటే లేకపోవడమే.

రాజు, కువైట్
మా పాపకి లాక్టోజ్ లేని డబ్బా పాలు రాశారు. రెండు వారాల్లో సర్దుకుంది. డబ్బా ధర చూసి నాకే విరేచనాలయ్యాయి.

పేగుల పిచ్చి
డబ్బా పాలు తాగే పిల్లలకి, విరేచనాలు రోజుల తరబడి సాగితే డాక్టర్లు అలా మారుస్తారు. ఇక్కడ అడిగింది తల్లిపాల గురించి.
ఇంకోటి. రోటా ఎన్‌ఎస్‌పి4 అనే ప్రోటీన్ ఒకటి వదులుతుంది. అది చుట్టుపక్కల కణాల్లో కాల్షియం పెంచి, క్లోరైడ్‌ను పేగులోకి తోయిస్తుంది, వెనకాలే నీళ్లు. వైరస్ నుంచి ఇలాంటి విషం వస్తుందని తేలింది 1996లో. అంటే కడుపు మాడ్చినా నీళ్లు ఆగవు. పైగా పేగు పొర తన తిండి చాలావరకు లోపల పారే ఆహారంలోంచే తీసుకుంటుంది. పస్తు పెడితే పొర ఇంకా పల్చబడుతుంది. మీ విశ్రాంతి మరమ్మతు ఆపేయడమే!
ఓఆర్‌ఎస్ ఎందుకు పనిచేస్తుందో కూడా ఇక్కడే ఉంది. ఉప్పు, గ్లూకోజ్ రెంటినీ కలిపి లాక్కునే ద్వారాలు చెడని చోట్ల ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. వాటి వెనకే నీళ్లూ లోపలికి వస్తాయి.

చిన్న బ్యాటరీ
నా ప్రశ్నకి జవాబు రాలేదు. చుక్కలు దండగా కాదా?

పేగుల పిచ్చి
దండగ కాదు. మన దేశంలో తయారైన రోటా చుక్కల మందు రోటావ్యాక్‌ని ఢిల్లీ, పుణె, వేలూరుల్లో పరీక్షించినప్పుడు మొదటి ఏడాది తీవ్రమైన రోటాని 56 శాతం ఆపింది. అసలు రాకుండా చెయ్యడం కంటే ప్రాణం మీదకి రాకుండా చూడటం దాని పని. మన రాష్ట్రంలో 2016 నుంచి ఉచితంగా వేస్తున్నారు.

చిన్న బ్యాటరీ
56 అంటే మా బడిలో ఫస్ట్ క్లాస్ కూడా కాదు.

శంకరం మాస్టారు
అమ్మాయ్, నీకు పిల్లలున్నారా? పసివాడు కళ్లు లోపలికి పీక్కుపోయి పడుంటే నువ్వెప్పుడైనా చూశావా? ప్రయోగశాలలో పేగు ముక్కలు చూస్తే సరిపోదు.

పేగుల పిచ్చి
లేరు. అయితే ఏంటి? గుండె ఆపరేషన్ చేసే ముందు డాక్టరుకి గుండెపోటు వచ్చి ఉండాలా? పాలు ఆపమనీ, నీళ్లు కూడా ఆపమనీ చెప్పిన పెద్దల వల్ల ఎంతమంది పిల్లలు ఎండిపోయారో మీకే బాగా తెలియాలి.

మంగ
ఏమ్మా, కాస్త మర్యాద.

నరసరావుపేట అమ్మ
మీరిద్దరూ లాక్టేజ్ గురించి కొట్టుకుంటున్నారు. మా ఇంట్లో గొడవ అది కాదండీ. నేను ఉద్యోగానికి వెళ్తున్నానని, పాలు పిండి ఫ్రిజ్‌లో పెడుతున్నానని మా అత్తయ్యకి మొదట్నుంచీ కోపం. ఇప్పుడు "నీ పాలు చెడిపోయాయి, అందుకే వాడికి పడలేదు" అంటున్నారు. పిల్లాడికి జబ్బు చేస్తే తప్పు నా ఒంట్లోదేనట. మాస్టారు గారు మీ అత్తగారిదే సరి అని రాసింది చదివి రాత్రంతా ఏడ్చాను.

రాజు, కువైట్
అక్కా, మీ తప్పేం లేదు. ఇంట్లో ఓఆర్‌ఎస్ ఉందా?

శంకరం మాస్టారు
అమ్మా, నీ పాలు చెడ్డవని నేనెక్కడా అనలేదు. 1974లో మా పెద్దపిల్లకి ఏడో నెలలో ఇలాగే అయింది. మా ఆవిడకి అప్పటికే పాలు లేవు. గేదె పాలు చిక్కగా కాచి తాగించాం, బలమొస్తుందని. తాగించిన కొద్దీ పోయేది. నాలుగో రోజు మాకు దక్కలేదు. ఉప్పు, పంచదార నీళ్ల సంగతి మాకు ఒక్కరూ చెప్పలేదు. పాలు అన్న మాట వింటే నాకు ఆ గ్లాసే కళ్ల ముందుకొస్తుంది.

పేగుల పిచ్చి
క్షమించండి మాస్టారూ. పెద్దల గురించి అలా రాసుండాల్సింది కాదు.
పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజ్ నీళ్లతో కలరా రోగుల్ని బతికించింది 1971లో. ఆ సంగతి మూడేళ్లయినా మీ ఊరు చేరలేదు.
మీరంటున్నది గేదె పాలు, నేనంటున్నది తల్లిపాలు. ఇంతసేపూ చెరో పాల గురించి వాదించుకున్నాం.

శంకరం మాస్టారు
నువ్వన్నట్టు తల్లిపాలు సరే. గేదె పాలు మాత్రం నేను ఒప్పుకోను.

పేగుల పిచ్చి
తొమ్మిది నెలల పిల్లాడికి చిక్కటి గేదె పాలు నేనూ ఒప్పుకోను. పెరుగు, మెత్తటి అన్నం, అరటిపండు పెట్టొచ్చు.

సిస్టర్ పద్మ
పల్లెల్లో ఇరవై ఏళ్లుగా ఏఎన్‌ఎం నర్సుగా పని చేస్తున్నా. రక్తం పడినా, పిల్లాడు మగతగా ఉన్నా, ఉచ్చ తగ్గినా ఈ చర్చ వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి. విరేచనాలకి ఇచ్చే జింక్ మాత్ర పద్నాలుగు రోజులూ వెయ్యాలి, విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపొద్దు.

నరసరావుపేట అమ్మ
ఈ రోజు మూడుసార్లే అయ్యాయి. మాస్టారు గారి కబురు అత్తయ్యకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, లేచి వెళ్లి పెరుగన్నం కలిపి తెచ్చారు. జింక్ మాత్రం చేదుగా ఉందేమో, ఉమ్మేస్తున్నాడు.

సిస్టర్ పద్మ
చెంచాడు మీ పాలలో కరిగించి పట్టండి.