రజా బొమ్మలో ఆ నల్ల గుండ్రానికి అర్థం ఉందా, మనం అంటిస్తున్నామా?

తెల్లకాగితం: నిన్న ఢిల్లీలో చిత్రకారుడు ఎస్.హెచ్. రజా బిందు బొమ్మ ఒకటి చూశాను. చదరంలో పెద్ద నల్ల గుండ్రం, చుట్టూ పసుపు, ఎరుపు పట్టీలు. పక్కనున్న పెద్దాయన శూన్యం అన్నారు. మా మరదలు బొట్టు అంది. మీరేమంటారు?

శ్లోకప్రియ: మనం అనడానికేముందండీ, ఆయనే చెప్పారు కదా. బిందువంటే బీజం, సృష్టికి మొదలు. ఆయన బిందు బొమ్మల్లో వాడే అయిదు రంగులూ పంచభూతాలు. 1950లో ఫ్రాన్స్ వెళ్ళి, ఏళ్ళ తరబడి అక్కడి ఊళ్ళూ చెట్లూ వేసి, 1970లు దాటేసరికి ఈ చుక్క దగ్గరికొచ్చారు. చిన్నప్పుడు మధ్యప్రదేశ్ పల్లె బళ్ళో కుదురు లేదని మాస్టారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట. ఆ చుక్కే ఇది.

మేకూదారం: పిల్లాణ్ణి కూర్చోబెట్టడానికి పెట్టిన చుక్క బ్రహ్మాండం ఎప్పుడయిందో! నేను ముప్పయ్యేళ్ళు బోర్డులు రాశాను. మేకు కొట్టి, దారం కట్టి, గుండ్రం తిప్పి నలుపు నింపితే ఏమవుతుందో నాకు తెలుసు. పసుపు మీద బెజ్జంలా లోపలికి పోతుంది. ముదురు ఎరుపు మీద అంత లోతుండదు, అంచు కలిసిపోతుంది. నల్లబోర్డు మీద తెల్లక్షరం లావుగా కనబడుతుంది కాబట్టి కాస్త సన్నగా రాస్తాం. ఇదంతా కంటి పని. బీజమూ లేదు, గీజమూ లేదు.

ఉప్పుకల్లు: నలుపు అసలు రంగే కాదు. వెలుగు లేకపోవడం.

మేకూదారం: మరి డబ్బాలో పోసి ఏమమ్ముతున్నారు బాబూ? చీకటా?

ఉప్పుకల్లు: సైన్స్ చెప్పా. వెటకారం ఎందుకు?

మేకూదారం: పొయ్యి మసి నలుపు వేరు, ఎనామిల్ నలుపు వేరు. ఒకటి వెలుగు మింగుతుంది, ఇంకోటి మొహం చూపిస్తుంది. మీ సైన్స్‌ని ఓసారి గోడకి పూసి చూడమనండి.

గోదారిగట్టు: రజా 1983లో వేసిన ‘సౌరాష్ట్ర’ బొమ్మ 2010 వేలంలో 16 కోట్ల పైన పలికింది. రంగుకా, కథకా? అది తేల్చండి ముందు.

శ్లోకప్రియ: డబ్బు గోల వదిలేయండి. మేకూదారం గారూ, ఏమీ అనుకోకండి. మీది వృత్తి, ఆయనది తపస్సు. రెండూ ఒక గాటన కట్టకూడదు.

మేకూదారం: ఆ, వచ్చింది అసలు మాట. ఫ్లెక్సీలొచ్చి పని పోయాక, చదరాలూ గుండ్రాలతో ఒక బొమ్మ వేసి ఒక ప్రదర్శనకి పట్టుకెళ్ళా. నాలుగు నెలలు పట్టింది. లోపలాయన బొమ్మ వంక చూడకుండానే “దీని వెనక భావం ఏంటి?” అన్నాడు. ఊదా పక్కన పసుపు నిలబడుతుందో లేదో చూశానండీ అన్నా. “అంతేనా?” అన్నాడు. అంతే, బస్సెక్కి ఇంటికొచ్చేశా. పంచభూతాలు అని ఉంటే గోడెక్కేది కదా అది?

ఉప్పుకల్లు: అయినా నలుపు రంగు కాదు.

గోదారిగట్టు: నువ్వుండవయ్యా.

శ్లోకప్రియ: తపస్సు మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా బాధా వినండి. ఆ కథ తెలియకపోతే నేను ఆ బొమ్మ ముందు అరనిమిషం నిలబడలేను. మీకు పసుపు మీద నలుపు లోపలికి పోతుంది. నాకు పోదు, గుండ్రంగా కనబడుతుందంతే. చూడటం నాకెవరూ నేర్పలేదు. చదవడం ఒక్కటే నేర్పారు. కథ కూడా తీసేస్తే నాకు మిగిలేదేంటి?

మేకూదారం: కథ తీసేయమని నేననలేదమ్మా. కథ లేనివాణ్ణి గుమ్మంలో ఆపొద్దంటున్నా. తెల్లకాగితం గారూ, మీరు ఎదురుగా నిలబడి చూశారు కదా. ఆ గుండ్రం అంచు ఎలా ఉంది? కోసినట్టుందా, కుంచె ఆగి ఆగి తిరిగినట్టుందా?

తెల్లకాగితం: అంచు చూడలేదండీ. పక్కన అట్ట మీద రాసింది చదువుతూ ఉండిపోయా. ఆదివారం దాకా ఇక్కడే ఉంటాను. మళ్ళీ వెళ్ళి చూసి చెప్తా.