మ్యాప్‌లో ఖాళీగా ఉన్న కాలనీలను ఏం చేయాలి?

ధూళిలెక్క:
మా బృందం గాలిలో ధూళి కొలిచే చిన్న సెన్సర్లను వాలంటీర్ల ఇళ్ల దగ్గర పెట్టించి, రీడింగులను మ్యాప్‌లో చూపిస్తుంది, ఊరి మొత్తానికి ఒకే అంకె చెప్పే నివేదిక కూడా వేస్తుంది. డేటా చూసుకునేది నేనే. సెన్సర్ ఎవరికి వాళ్లు కొనుక్కోవాలి, ఇంట్లో వైఫై ఉండాలి. అందుకని కలిగినవాళ్ల వీధుల్లో చుక్కలు కిక్కిరిసిపోయాయి. ఫ్యాక్టరీల పక్క కాలనీల్లో ఒక్కటీ లేదు. ఖాళీలను చుట్టుపక్కల సగటుతో నింపేద్దామంటున్నారు మావాళ్లు. నాకు మనసొప్పడం లేదు. వెయిటింగ్ (లెక్కలో కొన్ని రీడింగులకు ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ ఇవ్వడం) చేస్తే సరిపోతుందా? లేక అక్కడివాళ్లకు సెన్సర్లు ఉచితంగా ఇచ్చేయాలా?

గణాంకాలగోల:
సగటుతో మాత్రం నింపకండి. పెద్ద రోడ్డు నుంచి కొన్ని వందల మీటర్లు జరిగితేనే పొగ లెక్క మారిపోతుంది, ఫ్యాక్టరీ సంగతి చెప్పాలా! వెయిటింగ్ కూడా ఉన్న రీడింగుల బరువునే మారుస్తుంది. అసలు రీడింగే లేని చోట దేనికి వేస్తారు బరువు?

ఇది మీ ఒక్కరి గొడవ కాదు. అమెరికాలో 1930లలో, అప్పులివ్వడానికి పనికిరావని కొన్ని పేటలను మ్యాపుల్లో ఎర్రరంగుతో గుర్తించారు. ఎక్కువగా నల్లజాతివాళ్లు, వలసవచ్చినవాళ్లు ఉండే పేటలవి. జనం నమోదు చేసే పక్షుల రికార్డులు ఈనాటికీ అక్కడే తక్కువని 2023లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. పిట్టలు లేకనా? చూసి రాసేవాళ్లు అటు పోక.

బకెట్‌బ్యాచ్:
ఉచితంగా పంచిన ప్రాజెక్టులో నేను పనిచేశాను. నెట్ బిల్లు ఎవరు కట్టాలన్నది ఎవరికీ తట్టలేదు. ఒకావిడ మొహమ్మీదే అడిగేసింది: "మా ఆయన ఆ ఫ్యాక్టరీలోనే చేస్తాడు. మా ఇంటిమీద ఎర్రచుక్క చూసి పనిలోంచి తీసేస్తే మీరు పెడతారా తిండి?" అంతరించిపోతున్న జంతువులు ఎక్కడున్నాయో, జనం తాము చూసిన జీవులను నమోదు చేసే వెబ్‌సైట్ అయిన ఐనేచురలిస్ట్‌లో ఉజ్జాయింపుగానే చూపిస్తారు. ఆ పాటి మర్యాద మనుషుల ఇళ్లకు ఇవ్వలేమా?

ఇంకొకటి. ఏం కొలవాలో కూడా వాళ్లనే అడగండి. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని నార్కోలో, రిఫైనరీ పక్క డైమండ్ పేటవాళ్లు 1990ల చివర్లో మామూలు బకెట్లతో చేసిన పరికరంలో గాలి పట్టి ల్యాబుకు పంపారు. వాసన ఘాటుగా కొట్టినప్పుడే పట్టేవారు. రోజంతటి సగటు తీస్తే ఆ ఘాటు అందులో కలిసిపోతుంది, వాళ్లను దగ్గించేది మాత్రం అదే. 2002 నాటికి పేట మొత్తం వేరేచోటికి వెళ్లేలా ఇళ్లు కొంటామని కంపెనీ ఒప్పుకుంది. మీ సెన్సర్ ధూళినే కొలుస్తుంది. వాళ్ల బాధ వాసనైతే?

మొహమాటంలేదు:
ఇవన్నీ తేలేసరికి ఏడాది పడుతుంది. ఈలోగా నివేదికే ఆపేస్తే లాభం ఫ్యాక్టరీకే. ఉన్నది ఉన్నట్టు వేయండి. ఖాళీలకు బూడిదరంగు గీతలు గీసి "ఇక్కడ కొలవలేదు" అని రాయండి. ఊరి మొత్తానికి ఒకే అంకె ఇచ్చే వాక్యం మాత్రం తీసేయండి.

ధూళిలెక్క:
ఆ వాక్యం తీసేశాను, గీతలు గీశాను. మావాళ్లలో ఇద్దరు అలిగారు, సరే. కాలనీవాళ్లతో మాట్లాడాక, సెన్సర్ పెట్టినా రీడింగులు బయటికి ఇవ్వాలో లేదో వాళ్లనే తేల్చమందాం అనుకుంటున్నాను. 2019 నాటి కేర్ సూత్రాలు ఆదివాసుల డేటా కోసం రాసినవే అయినా, డేటా మీద అధికారం ఆ సముదాయానిదే అన్న మాట ఇక్కడా పనికొస్తుంది. బకెట్‌బ్యాచ్ గారూ, ఒక ఇంటివాళ్లు సరేనని పక్కింటివాళ్లు వద్దంటే మీరేం చేశారు? గాలి ఇద్దరిదీ ఒకటే కదా.